దుడుకు పిల్లాడికి టాస్క్‌లో మంచి స్కోరు వచ్చింది, దేన్ని నమ్మాలి?

హనుమకొండ స్టూడెంట్:
అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ సైకాలజీ ఫైనలియర్. ప్రాజెక్టు కోసం ఒక హాస్టల్ స్కూల్లో తొమ్మిదో తరగతి పిల్లల ఇంపల్స్ కంట్రోల్, అంటే తొందరపాటును ఆపుకునే నిగ్రహం, కొలుస్తున్నాను. రెండు పద్ధతులు పెట్టుకున్నా. ఒకటి బారట్ ప్రశ్నావళి, 30 వాక్యాలు, పిల్లలే తమ గురించి టిక్కు పెట్టుకోవాలి. రెండోది ల్యాప్‌టాప్‌లో స్టాప్ సిగ్నల్ టాస్క్. బాణం ఎటు చూపిస్తే ఆ బటన్ నొక్కాలి, బీప్ వినబడితే మాత్రం నొక్కకుండా ఆగిపోవాలి.

తంటా ఏంటంటే రెండూ కలవట్లేదు. రాత్రిళ్లు గోడ దూకి మిర్చీల బండి దగ్గరికి పోయే కుర్రాడు టాస్క్‌లో అదరగొట్టాడు. ఎప్పుడూ నోరు మెదపని ముందు బెంచీ అమ్మాయేమో ప్రశ్నావళిలో తనంత తొందరపాటు మనిషి లేదన్నట్టు టిక్కులు పెట్టింది. పైగా వార్డెన్ గారు "ఎవరెవరు డేంజరో లిస్టు ఇవ్వమ్మా" అని రోజూ అడుగుతున్నారు. దేన్ని నమ్మాలి?

పాత ల్యాబ్ మనిషి:
రెండూ ఒకే దాన్ని కొలుస్తున్నాయని ఎవరు చెప్పారమ్మా? 2011లో డక్‌వర్త్, కెర్న్ ఇలాంటి అధ్యయనాలు బోలెడు కలిపి చూస్తే, టాస్కులకూ ప్రశ్నావళులకూ పొత్తు చాలా తక్కువని తేలింది. నొక్కబోతున్న వేలిని క్షణంలో ఆపడం వేరు. బజ్జీల వాసన వస్తుంటే రేపు పడే చీవాట్లు గుర్తు పెట్టుకోవడం వేరు.

ముందు ఆ కుర్రాడి డేటా తెరువు. ఈ టాస్క్‌లో పిల్లలు ఒక ఎత్తు వేస్తారు: బీప్ వస్తుందేమోనని కాచుకుని, ఆలస్యంగా నొక్కుతారు. మొదట్లో ఎంత వేగంగా నొక్కాడు, చివర్లో ఎంత? ప్రోగ్రాం సరిగ్గా ఉంటే, ఆగగలిగిన ప్రతిసారీ తర్వాతి బీప్ సాధారణంగా 50 మిల్లీసెకన్లు ఆలస్యంగా వచ్చి ఆగడం కష్టమవుతుంది, ఆగలేకపోతే అంత ముందుగా వచ్చి తేలికవుతుంది. అంటే ఎంత నిగ్రహం ఉన్నవాడైనా దాదాపు సగం సార్లు ఆగలేకపోవాలి.

హనుమకొండ స్టూడెంట్:
ఇప్పుడే చూశా సర్. సగం కాదు, చాలా ఎక్కువ సార్లు ఆగాడు. పోను పోను బాగా నెమ్మదించాడు కూడా. ఎందుకురా అంటే "గేమ్‌ల గూడా గంతే మేడం, ఎదుటోడు కదిలేదాకా ఆగాలె" అన్నాడు!

పాత ల్యాబ్ మనిషి:
హహ, వాడు నీ టాస్క్‌ను గెలిచాడు. ఆ స్కోరు పక్కన పెట్టు. మిగతావాళ్లకు మొదలుపెట్టే ముందే "బీప్ కోసం ఆగొద్దు, కొన్నిసార్లు తప్పడం మామూలే" అని గట్టిగా చెప్పు. 2019లో ఈ రంగంవాళ్లు కలిసి రాసిన మార్గదర్శకంలో బీప్‌లు కనీసం 50 ఉండాలన్నారు. అదీ సరిచూసుకో.

లెక్కల సారు, ఖమ్మం:
మీ టాస్కులు నాకు తెలియవు గానీ ఒక అనుమానం. పిల్లలను ఒక్కొక్కరినే గదిలో కూర్చోబెట్టారు కదా? నేను చూసినంతలో ఒక్కడే గోడ దూకేవాడు లేడు. కింద ముగ్గురు నిలబడి "దూకురా" అంటేనే దూకుతారు.

పాత ల్యాబ్ మనిషి:
సారు అసలు చోట పట్టుకున్నారు. 2005లో అమెరికాలో గార్డ్‌నర్, స్టైన్‌బర్గ్ కంప్యూటర్‌లో ఒక కారు ఆట పెట్టారు. పసుపు లైటు పడ్డాక ఎంతదాకా పోనిస్తారన్నదే పరీక్ష. 13–16 ఏళ్లవాళ్లు ఒంటరిగా ఉన్నప్పటికంటే స్నేహితులు పక్కనుంటే బాగా ఎక్కువ తెగించారు. 24 దాటినవాళ్లలో ఆ తేడా దాదాపు కనబడలేదు.

ఇక లిస్టు. ఇవ్వకు. తరగతి మొత్తం మీద చక్కగా పనిచేసే టాస్కులు కూడా ఈ పిల్లాడికీ ఆ పిల్లాడికీ తేడా చెప్పమంటే తడబడతాయి. కొన్ని వారాలాగి మళ్లీ పెడితే అదే వరస వస్తుందని భరోసా లేదు. అయినా ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) నిబంధనల ప్రకారం తల్లిదండ్రుల అనుమతితో పాటు, 12 దాటిన పిల్లల దగ్గర రాతపూర్వకంగా సమ్మతి తీసుకునే ఉంటావుగా. వివరాలు ఎవరికీ బయటపెట్టబోమని రాసిన ఆ కాగితమే వార్డెన్ గారికి చూపించు.

హనుమకొండ స్టూడెంట్:
తరగతి సగటు మాత్రమే ఇస్తానని చెప్పేశా, కాస్త ముఖం మాడ్చుకున్నారు. ముగ్గురేసి పిల్లలను పక్కన కూర్చోబెట్టి మళ్లీ పెట్టాలంటే ఎథిక్స్ కమిటీకి కొత్తగా రాయాలా సర్?

పాత ల్యాబ్ మనిషి:
రాయాలి. సవరణ అని రాసి, గైడ్ గారి సంతకంతో పంపు. జవాబు వచ్చేదాకా మొదలుపెట్టకు.