సెస్నా 172 (చిన్న ట్రైనింగ్ విమానం) ఎలివేటర్ (తోక దగ్గర ముక్కుని పైకీ కిందికీ తిప్పే కదిలే రెక్క) చివర చిన్న చీలిక, ప్యాచ్ వెయ్యొచ్చా?

అన్నలూ, నేను బెంగళూరులో ఏఎంఈ (విమానాల మెయింటెనెన్స్ ఇంజనీర్) ట్రైనీని. నిన్న సెస్నా 172ని హ్యాంగర్‌లోకి తోస్తుంటే ఎలివేటర్ వెనక అంచు స్టాండ్‌కి తగిలి సొట్ట పడింది, గోరుతో రాస్తే పెయింట్ పొర లేచి కింద రివెట్ పక్కనుంచి అరంగుళం చీలిక కనబడింది. మామూలు చోటైతే చీలిక కొసన చిన్న హోల్ కొట్టి 2024-టీ3 (విమానాలకి వాడే అల్యూమినియం రేకు) ప్యాచ్ రివెట్ చేసేవాళ్లం, కానీ ఇది కంట్రోల్ సర్ఫేస్ (గాల్లో విమానాన్ని తిప్పే కదిలే భాగం) కదా, వెనకవైపు కాస్త బరువు పెరిగినా బ్యాలెన్స్ తప్పి ఫ్లట్టర్ (గాల్లో ఆ భాగం అదుపు తప్పి గడగడా ఊగడం) వస్తుందేమోనని భయం, పైగా ఆ స్కిన్ (పై రేకు) గాడులు గాడులుగా ఉంటుంది, ప్యాచ్ సరిగ్గా కూర్చోదు. సీనియర్ సుత్తితో సరిచేసి వదిలేద్దాం అంటున్నారు, నాకు అస్సలు మనసొప్పట్లేదు, రేపు అందులో ఎక్కేది 19 ఏళ్ల పిల్లలు. ఇలాంటిది చేసినోళ్లు ఎవరైనా ఉంటే రీబ్యాలెన్స్ ఎలా చేశారో, లేక స్కిన్ మొత్తం మార్చడమే మంచిదో చెప్పండి ప్లీజ్.