ఊరికి పోయేముందు చిన్న వీడియో కెమెరా: ఏది కొనాలి?

ప్రొద్దుటూరు నుంచి, ప్రస్తుతం డాలస్:

అందరికీ నమస్కారం. మేము ఇక్కడికి వచ్చి ఇంకా ఏడాది కాలేదు. డిసెంబర్‌లో పాపను తీసుకుని మొదటిసారి ఊరికి పోతున్నాం. మా జేజి పాపను ఇంతవరకు వీడియో కాల్‌లోనే చూసింది. అమ్మానాన్నలు, జేజి, మేము అందరం కలిసి బండి మాట్లాడుకుని గండికోట, బెలుం గుహలు, లేపాక్షి చూసి రావాలని అనుకుంటున్నాం. ఫోన్ తీస్తే చాలు, స్టోరేజ్ నిండిపోయింది అంటుంది. చిన్న వీడియో కెమెరా ఒకటి కొందామంటే ఒకరు గోప్రో అంటారు, ఒకరు ఓస్మో అంటారు, మా మామ హ్యాండీక్యామ్ అంటాడు. మా ఆయన 8కె ఉన్నదే తీసుకుందాం అంటున్నారు. నాకు వీటి గురించి ఏమీ తెలియదు. తెలిసినవాళ్లు కాస్త చెప్తారా?

అనంతపురం నుంచి, ప్రస్తుతం న్యూజెర్సీ:

చెల్లెమ్మా, ఏ కెమెరా కొన్నా సరే, ముందు మీ జేజి గొంతు గురించి ఆలోచించు. గండికోట లోయ వీడియోలు యూట్యూబ్‌లో కావలసినన్ని ఉన్నాయి. మీ జేజి పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని "ఏమే, నన్ను గుర్తుపట్టినావా" అని అడిగే మాట మాత్రం ఎక్కడా దొరకదు. అందుకని కెమెరా డబ్బుల్లోనే మైకుకు కొంత పక్కన పెట్టు. కాలర్‌కు తగిలించే చిన్న వైర్‌లెస్ మైకు చాలు. జేజి కొంగుకు తగిలిస్తే కాసేపటికి అది ఉందన్న సంగతే మర్చిపోతుంది. అప్పుడు వంటింట్లో జొన్నరొట్టె తడుతున్న చప్పుడు, పక్కింటామెను గడప దగ్గర్నుంచి కేకేసే గొంతు, అన్నీ ఉన్నవి ఉన్నట్టు వస్తాయి. కెమెరాలో ఉండే మైకు రెండు గజాల దూరం పోయేసరికి ఫ్యాన్ చప్పుడునే పట్టుకుంటుంది.

8కె సంగతి మీ ఆయనకు ఇలా చెప్పు. ఫుల్ హెచ్‌డీ, 4కె, 8కె అనేవి బొమ్మ ఎంత వివరంగా ఉంటుందో చెప్పే కొలతలు, ఒకదానికంటే ఒకటి పెద్దది. 4కె వీడియో సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున రికార్డయితే గంటకు 45 జీబీ అవుతుంది. 64 జీబీ కార్డు గంటన్నర కూడా రాదు. 8కె ఇంకా ఎక్కువ తింటుంది, కెమెరా కూడా తొందరగా వేడెక్కుతుంది. ప్రొద్దుటూరు ఇంట్లో టీవీ 4కె అయితే గొప్పే. నా మాట విని ఊరు, గుడి, కొండ 4కెలో తీయండి, ఇంట్లో కూర్చుని గంటలకొద్దీ మాట్లాడుకునేది ఫుల్ హెచ్‌డీలో తీయండి. కార్డు మీద వీ30 అని రాసుందో లేదో చూసి కొనండి. ఆ గుర్తుంటే సెకనుకు కనీసం 30 మెగాబైట్లు, అంటే 240 మెగాబిట్లు, తగ్గకుండా రాస్తుందని అర్థం, 4కెకి అది చాలు.

ఇక వెలుతురు. నువ్వు చెప్పిన చోట్లలో ఎక్కువగా ఎండలో తీసేది గండికోటలోనే. బెలుం లోపల రంగు దీపాల మధ్య నడవాలి, ఉక్కపోతగా కూడా ఉంటుంది. లేపాక్షి నాట్యమంటపంలో పైకప్పు మీది బొమ్మలు చీకట్లోనే ఉంటాయి. ఇంట్లో సాయంత్రం ఒక ట్యూబ్‌లైటు. ఇలాంటి చోట్ల మెగాపిక్సెల్స్ పనికిరావు, సెన్సర్, అంటే లోపల వెలుతురును పట్టుకునే ముక్క, పెద్దదై ఉండాలి. 1 అంగుళం సెన్సర్, మామూలు చిన్న కెమెరాల్లో ఉండే 1/2.3 అంగుళం సెన్సర్ కంటే వైశాల్యంలో దాదాపు నాలుగింతలు. ఆ తేడా బెలుం గుహలో మొదటి మలుపు తిరగగానే కనిపిస్తుంది. చిన్న సెన్సర్‌లో అయితే మనుషుల ముఖాలు గరుగ్గా, బురదబురదగా వస్తాయి.

అన్నీ చూసుకుంటే నీకు నేను చెప్పేది డీజేఐ ఓస్మో పాకెట్ 3. 2023 అక్టోబర్‌లో వచ్చింది, 1 అంగుళం సెన్సర్, బరువు 179 గ్రాములు. తల భాగం మూడు వైపులా మోటార్ల మీద తిరుగుతూ మన చేతి వణుకును సరిచేస్తుంది. గోప్రోలాంటివి బొమ్మ అంచులు కత్తిరించి లెక్కలు కట్టి వణుకు తగ్గిస్తాయి. ఎండలో ఆ పద్ధతి బాగా పనిచేస్తుంది గాని చీకట్లో బొమ్మ అలికినట్టు అవుతుంది. పాకెట్ 3 స్క్రీన్‌ను అడ్డంగా తిప్పితే ఆన్ అవుతుంది. పాప ఏదైనా చేస్తుంటే మెనూలు వెతుక్కునే టైం ఉండదు కదా, నేను దీన్నే చెప్పడానికి సగం కారణం అదే. దీనికీ లోపాలున్నాయి. నీళ్లలో పనికిరాదు, ఆప్టికల్ జూమ్ లేదు, బ్యాటరీ బయటికి రాదు కాబట్టి పవర్‌బ్యాంకు వెంట ఉండాలి. ఆ తల భాగాన్ని పాప చేతికి అస్సలు ఇవ్వొద్దు, లాగితే మోటార్లు పాడవుతాయి.

ఫొటోలు కూడా కావాలంటే సోనీ జెడ్‌వీ-1 చూడు. అదీ 1 అంగుళం సెన్సరే, కొంచెం జూమ్ కూడా ఉంది. గాలి చప్పుడు తగ్గించే బొచ్చు ముక్క పెట్టెలోనే ఇస్తారు. బ్యాటరీ చిన్నది, ఇంకో రెండు తప్పకుండా కొనాలి. తర్వాత వచ్చిన జెడ్‌వీ-1 మార్క్ 2లో లెన్సు దగ్గర వణుకు తగ్గించే ఏర్పాటు తీసేశారు. కొత్తది కదా అని దాన్ని తెచ్చుకోవద్దు, నడుస్తూ తీయాలంటే పాతదే మేలు. గోప్రో పిల్లలు నీళ్లలో ఆడుకునే ట్రిప్పులకు బాగుంటుంది, 10 మీటర్ల లోతు వరకు తట్టుకుంటుంది. ఈ ట్రిప్పుకు మాత్రం వద్దు. మీ మామ చెప్పిన హ్యాండీక్యామ్ కూడా తీసిపారేసేది కాదు. పెళ్లికో తిరునాళ్లకో పోయి వెనక వరుసలో కూర్చుని తీయాలంటే 20 రెట్ల జూమ్‌కు సాటి లేదు. నువ్వు తీసేది చేతికందే దూరంలో ఉన్నవాళ్లను కాబట్టి వద్దంటున్నాను.

ఇంకో సంగతి చెప్పాలి, షాపులో ఎవరూ చెప్పరు. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్, మన దగ్గర 50. మన ఇళ్లలో చాలా లైట్లు సెకనుకు 100 సార్లు మినుకుతుంటాయి. కంటికి కనిపించదు గాని కెమెరాకు కనిపిస్తుంది. ఇక్కడ కొన్న కెమెరా సెకనుకు 30 లేదా 60 బొమ్మలు తీసేలా ఉంటుంది. రెండూ కుదరక వీడియోలో నల్లటి చారలు పైకీ కిందికీ పాకుతుంటాయి. పగలు ఆరుబయట ఏమీ తెలియదు. సాయంత్రం ఇంట్లో, ఫంక్షన్ హాల్లో, బెలుం లోపల బయటపడుతుంది. కాబట్టి మెనూలోకి వెళ్లి యాంటీ ఫ్లికర్, అంటే ఆ మినుకును ఆపే సెట్టింగు, 50 హెర్ట్జ్‌కు మార్చు. పాల్ (PAL, మన దేశపు వీడియో పద్ధతి), ఎన్‌టీఎస్‌సీ (NTSC, అమెరికా పద్ధతి) అని అడిగితే పాల్ పెట్టి, సెకనుకు 25 లేదా 50 ఫ్రేములు ఎంచుకో. షట్టర్ వేగం చేత్తో పెట్టుకునే వీలుంటే సెకనులో 1/50 లేదా 1/100 వంతు పెట్టు. కొన్ని కెమెరాల్లో ఇది మారిస్తే కార్డు ఫార్మాట్ చేయమంటుంది, అందుకే విమానం ఎక్కకముందే ఖాళీ కార్డుతో మార్చేసుకో. తిరిగొచ్చాక మళ్లీ 60కి పెట్టడం మర్చిపోవద్దు.

గండికోటలో గాలి గట్టిగా కొడుతుంది. మైకుకు ఆ బొచ్చు తొడుగు లేకపోతే పెన్నా లోయ దగ్గర ఒక్క మాట కూడా వినిపించదు. లోయ అంచున స్క్రీన్ చూస్తూ వెనక్కి నడవొద్దు, తీసేవాళ్ల పక్కన ఇంకొకరు ఎప్పుడూ ఉండాలి. లేపాక్షిలో వేలాడే స్తంభం కింద నుంచి టవల్ లాగేటప్పుడు అందరూ నిలబడి పైనుంచే వీడియో తీస్తారు. నువ్వు కెమెరాను నేలకు దగ్గరగా పట్టుకుని తియ్యి. స్తంభం కింద సందులోంచి వెలుతురు, టవల్ లాగుతున్న చేతులు, ఆ వెనక పాప ముఖం, మూడూ ఒకే బొమ్మలో వస్తాయి. ఆ గుడి పురావస్తు శాఖ కట్టడం, ట్రైపాడ్‌కు విడిగా అనుమతి కావాలి, తీసుకుపోకండి. ఏ గుడికి పోయినా గర్భగుడి దగ్గర కెమెరా సంచిలోనే ఉండాలి.

కర్నూలు నుంచి, ప్రస్తుతం లండన్:

అక్క చెప్పినవన్నీ నిజమే. నాకు ఒక్కచోట వేరే అభిప్రాయం ఉంది. ఫోన్ రెండు మూడేళ్ల లోపుదైతే కెమెరా కొనకుండా ఆ మైకు ఒక్కటి కొని, ఫోన్‌లో స్టోరేజ్ ఖాళీ చేసుకుంటే సరిపోతుంది. ఇంకో మాట, డ్రోన్ ఉంటే దయచేసి తీసుకుపోకండి. విదేశీ డ్రోన్ల దిగుమతిని మన ప్రభుత్వం 2022 ఫిబ్రవరిలో నిషేధించింది. విడి బ్యాటరీలు, పవర్‌బ్యాంకు చెక్ఇన్ లగేజీలో పెట్టకూడదు, చేతి సంచిలోనే ఉండాలి.

అనంతపురం నుంచి, ప్రస్తుతం న్యూజెర్సీ:

తమ్ముడూ, ఫోన్ బొమ్మ బాగుంటుంది, కాదనను. నేను వేరే కెమెరా ఎందుకు చెప్తున్నానంటే, ఫోన్ చేతిలో ఉంటే మెసేజ్ వస్తుంది, ఫోన్ మోగుతుంది, వీడియో అక్కడే ఆగిపోతుంది. పైగా ఆ ఫోన్‌తోనే మ్యాప్ చూడాలి, డబ్బులు కట్టాలి. చిన్న కెమెరా వేరుగా ఉంటే నాన్న చేతికో పిన్నమ్మ చేతికో ఇవ్వొచ్చు. ఎప్పుడూ తీసే మనిషి కూడా వీడియోలో కనిపించాలి కదా. చెల్లెమ్మా, నువ్వే తీస్తూ కూర్చోకు, పాపను జేజి ఎత్తుకున్నప్పుడు పక్కన నువ్వు ఉండాలి.

ప్రొద్దుటూరు నుంచి, ప్రస్తుతం డాలస్:

చాలా థాంక్స్ అక్కా. 8కె గొడవ తీరిపోయింది. పాకెట్ 3, మైకు రెండూ ఆర్డర్ పెడుతున్నాం. ఇంకొక్కటి అడుగుతా. తిరిగి వచ్చేముందు ఇవన్నీ జేజి టీవీలో చూసుకునేలా ఇచ్చి రావాలంటే ఎట్లా? అక్కడ ల్యాప్‌టాప్ లేదు.

అనంతపురం నుంచి, ప్రస్తుతం న్యూజెర్సీ:

పెన్‌డ్రైవ్‌లో వేసి ఇవ్వు. కెమెరా నుంచి వచ్చిన 4కె ఫైళ్లు నేరుగా వేస్తే పాత టీవీలు చూపించవు. వాటిని ఫుల్ హెచ్‌డీకి, హెచ్.264 అనే పాత వీడియో రకానికి మార్చి వెయ్యి. హ్యాండ్‌బ్రేక్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, దాంట్లో అవుతుంది. అది కంప్యూటర్‌లో పనిచేసేది, అక్కడ లేదన్నావు కాబట్టి ల్యాప్‌టాప్ ఇక్కడి నుంచే తీసుకుపో. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు, అందుకని పది పదిహేను నిమిషాల ముక్కలుగా చేసి, ఫైలు పేర్లు తెలుగులో కాకుండా 01, 02 అని అంకెలతో పెట్టు. కొన్ని టీవీల్లో తెలుగు పేర్లు డబ్బాలుగా కనిపిస్తాయి. బయల్దేరే ముందు రోజు రాత్రి జేజి టీవీకే పెట్టి, రిమోట్ ఆమె చేతికే ఇచ్చి, ఒకసారి ఆమెతోనే నొక్కించు. అసలు ఫైళ్లు మాత్రం రెండు హార్డ్‌డిస్కుల్లో ఉంచి ఒకటి అమ్మ బీరువాలో పెట్టి రా, ఇంకోటి నీ చేతి సంచిలో తెచ్చుకో.