చాంబర్‌లో పాసైన సిమ్ పెట్టె మన చెరువుగట్టు మీద పనిచేస్తుందా?

చెరువుగట్టు (ఆకివీడు వైపు):
తెల్లారగట్ల వనామీ రొయ్యల చెరువులో ఆక్సిజన్ పడిపోతే ఫోన్ మోగించే సిమ్ పెట్టెలు రైతులం కలిసి కొందామనుకుంటున్నాం. బయట ఉండే సిగ్నల్ పరిస్థితులన్నీ ల్యాబ్ చాంబర్‌లో సృష్టించి పరీక్షించాం, పాసైంది, ఇక గట్టు మీద ట్రయల్ అక్కర్లేదని అమ్మేవాళ్లు రిపోర్టు చూపిస్తున్నారు. ఆ ఒక్క పూట అలారం రాకపోతే రొయ్యంతా తేలిపోద్ది. నమ్మొచ్చా?

లంక కుర్రోడు:
స్విమ్మింగ్ పూల్‌లో ఈదినోణ్ని వరద గోదాట్లో దింపినట్టుంటదండి. ట్రయల్ లేకుండా కొనకండి.

ల్యాబ్ పాలకొల్లు (ఉద్యోగం హైదరాబాద్):
అంత తేలిగ్గా తీసెయ్యకు తమ్ముడూ. చాంబర్ అంటే ఇనుప గది, లోపల గోడలనిండా కార్బన్ పట్టించిన స్పాంజి మొనలు. బయటి సిగ్నల్ లోపలికి రాదు, లోపలిది గోడకి తగిలి వెనక్కి రాదు. మధ్యలో పెట్టె, చుట్టూ వలయంగా యాంటెన్నాలు. బయట అక్కడా ఇక్కడా తగిలి వచ్చే సిగ్నల్‌లా ఉండేట్టు, చానల్ ఎమ్యులేటర్ అనే యంత్రం టవర్ సిగ్నల్‌కి కాపీలు తీసి, ఒక్కోదాన్ని ఒక్కో ఆలస్యంతో, ఒక్కో బలంతో, ఒక్కో దిక్కు నుంచి పంపుతుంది.

గట్టు మీద ఇవాళ్టి రీడింగు రేపు రాదు. సాయంత్రం ఊరంతా క్రికెట్ చూస్తుంటే టవర్ మీద లోడు పెరుగుద్ది. రెండు కంపెనీల పెట్టెల్లో ఏది మంచిదో అక్కడ ఎలా తేలుస్తావు? చాంబర్‌లో రెండింటికీ ఒకే సిగ్నల్, వచ్చే నెలయినా అదే. యాంటెన్నా పక్కనే బ్యాటరీ బిగించి సిగ్నల్ చెడగొట్టుకున్న డిజైన్ అక్కడే దొరికిపోద్ది.

కొబ్బరినీడ (అంబాజీపేట):
దొరికేది పెట్టెలో లోపం. మా తోట సంగతి దొరకదుగా! చెట్ల గుండా పోయే సిగ్నల్‌కి వైస్‌బర్గర్ లెక్క ఒకటుంది. 50 మీటర్ల తోపు దాటేసరికి 700 మెగాహెర్ట్జ్‌లో సుమారు 12 డెసిబెల్స్ పోతాయి, అంటే పదహారో వంతు మిగులుద్ది. 3.5 గిగాహెర్ట్జ్‌లో సుమారు 19 పోతాయి, మిగిలేది ఎనభయ్యో వంతు. అదీ చలిదేశాల చెట్లు చూసి కట్టిన లెక్క. కొబ్బరి మట్టలు గాలికి ఊగడం అందులో లేదు.

యాంటెన్నా మాస్టారు:
ల్యాబ్ బాబూ, నువ్వన్నది నిజమే, కానీ ఆ ఎమ్యులేటర్‌లో పోసిన మోడల్, అంటే సిగ్నల్ ఎలా వస్తుందో చెప్పే లెక్క, ఎక్కడిది? మొబైల్ నెట్‌వర్క్ ప్రమాణాలు రాసే 3జీపీపీ వారి 38.901 పత్రంలో పల్లెటూళ్ల కోసమే ఒక మోడల్ ఉంది. దాని సూత్రం అడిగేది ఇళ్ల సగటు ఎత్తు, వీధి వెడల్పు. చెప్పకపోతే 5 మీటర్లు, 20 మీటర్లు అనుకుంటుంది. మన గట్ల మీద 20 మీటర్ల వీధి ఎక్కడుందయ్యా!

ల్యాబ్ పాలకొల్లు:
అదే పత్రంలో నేల నుంచి వచ్చే ప్రతిఫలనం విడిగా కలుపుకునే వీలుంది మాస్టారూ, తడి నేల, పొడి నేల తేడాతో సహా.

యాంటెన్నా మాస్టారు:
ఉంది, ఐచ్ఛికంగా. కలిపారో లేదో రిపోర్టులో ఉండాలి. మన దగ్గర అసలు కథంతా అదే. 2 కిలోమీటర్ల దూరంలో 40 మీటర్ల టవర్, 850 మెగాహెర్ట్జ్, మధ్యలో నిలకడ నీళ్లు అనుకోండి. నేరుగా వచ్చే సిగ్నలూ, నీటి మీద పడి లేచే సిగ్నలూ బాగా కలిసొచ్చేది దాదాపు 4.4 మీటర్ల ఎత్తులో. పెట్టెని 1.5 మీటర్ల దగ్గర కడితే దానికన్నా 6 డెసిబెల్స్ తక్కువ, అంటే నాలుగో వంతు. ఆ ప్రతిఫలనం పడేది పెట్టెకి 70 మీటర్ల ముందు, అంటే మీ చెరువు మీదే. నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు తిరిగి నీళ్లు చెదిరితే లెక్క మళ్లీ మారుతుంది.

చెరువుగట్టు:
రిపోర్టులో ఫొటో చూశానండి. స్పాంజి మొనలేం లేవు. మెరిసే రేకు గోడలు, లోపల పెద్ద రేకు రెక్కలు తిరుగుతున్నాయి.

ల్యాబ్ పాలకొల్లు:
అయితే అది రివర్బరేషన్ చాంబర్ బాబాయ్, నేను చెప్పింది కాదు. రెక్కలు తిరిగేకొద్దీ సిగ్నల్ నలువైపుల నుంచీ కలగాపులగంగా వస్తుంది. పెట్టె ఎంత బలహీన సిగ్నల్‌ని పట్టగలదో చూడ్డానికి మంచిదే. ఒక నేరు దారి, ఒక నీటి దారి ఉన్న మీ చెరువుకి మాత్రం అది పోలిక కాదు. ఇక్కడ మాస్టారి మాటే నాదీ. మీ గట్టు మీద సిగ్నల్ రికార్డు చేసి చాంబర్‌లో మళ్లీ ఆడించే పద్ధతి ఉంది, అది చేయించమనండి.

యాంటెన్నా మాస్టారు:
సిగ్నల్ కొలిచే మామూలు స్కానర్ బలం రాసుకుంటుంది కానీ ఏ దిక్కు నుంచి వచ్చిందో రాసుకోదు. దిక్కు కావాలంటే యాంటెన్నాల వరస పెట్టి కొలవాలి. పెట్టెలమ్మేవాడు అంత ఖర్చు పెడతాడా?

లంక కుర్రోడు:
మరే! నాలుగు పెట్టెలు నాలుగు గట్ల మీద పెడితే పోలా?

ల్యాబ్ పాలకొల్లు:
పెట్టండి, కాదనను. ఒకటి పనిచెయ్యకపోతే తప్పు పెట్టెదా, చోటుదా అని మళ్లీ చాంబర్‌కే రావాలి.

చెరువుగట్టు:
సరే, ఏ మోడల్ పోశారో రాతపూర్వకంగా అడుగుతున్నా, గట్టు మీద ట్రయలూ అడుగుతున్నా. నాలుగున్నర మీటర్ల కర్ర అంటే తుపాను గాలికి నిలబడే ఇనుప పైపు కావాలి. దాని ఖర్చు పెట్టె ధరలో ఉందా, మన నెత్తినేనా అన్నది కూడా తేల్చుకుంటా.