మనసంటే మెదడేనా? తెలిసినవాళ్లు చెప్పండి
మాది దేవరకొండ దగ్గర పల్లె. పక్షవాతం వచ్చాక మా నాయనమ్మకు మాట పోయింది. కానీ బతుకమ్మ పాట ఎత్తుకుంటే పదాలతో సహా పాడుతుంది! దెబ్బ మెదడు ఎడమ భాగానికి తగిలిందని, పాటకు కుడివైపు కూడా తోడ్పడుతుందని డాక్టర్ చెప్పారు. అంటే మనసంతా మెదడేనా? బాపు ఒప్పుకోడు, ఆత్మ వేరంటాడు.

పదార్థం కాని మనసు శరీరాన్ని ఎట్లా కదిలిస్తుందని 1643లో బొహీమియా యువరాణి ఎలిజబెత్, మనసూ శరీరమూ వేరని చెప్పిన ఫ్రెంచ్ తత్వవేత్త డెకార్ట్‌ను అడిగింది. బాపు దగ్గర దీనికి జవాబు లేదు. మన పాత సాంఖ్య దర్శనం వాళ్లైతే మనసును కూడా ప్రకృతిలోనే (జడ పదార్థంలోనే) కలిపేసి, చైతన్యాన్ని మాత్రం పురుషుడికి (అంటే ఆత్మకు) వదిలారు. నాకు ఇదే ఆసక్తిగా ఉంది.

కానీ నొప్పి నాడుల్లో పోయే విద్యుత్ సంకేతమే అయితే, అది మనకు నొప్పిగా ఎందుకు అనిపించాలి? అంతా పదార్థమే అనే భౌతికవాదులు దీనికి ఇచ్చే గట్టి జవాబు ఏమిటి? తెలుగులో చదవదగ్గ పుస్తకం ఉన్నా చెప్పండి.