అప్‌డేట్: గ్లెన్ గూల్డ్‌లా తక్కువ ఎత్తులో కూర్చుంటే ముంజేతి నొప్పి, కారణం దొరికింది

పాత ప్రశ్న: కెనడా పియానో విద్వాంసుడు గూల్డ్ 14 అంగుళాల కుర్చీలో కూర్చునేవాడని మా పాప అదే ఎత్తు పీట మీద డిజిటల్ పియానో వాయిస్తోంది, అరగంటకే ముంజెయ్యి లాగేస్తోంది, ఎందుకు? జవాబులిచ్చిన అందరికీ దణ్ణాలు.

"ముందు మీటల ఎత్తు కొలవండి" అన్నాయన మాటే నిజం. మీటలు నేల నుంచి 76 సెం.మీ., పీట 35. మోచెయ్యి మీటలకి దాదాపు జానెడు కిందుంది. బరంపురంలో ఫిజియో చూసి చెప్పింది కూడా అదే: మణికట్టు పైకి వంగి ఉండడంతో, వేళ్లెత్తే కండరాలకి విశ్రాంతి లేదు. స్టాండు దించి మీటలు 72కి తెచ్చాం, పీట 50కి పెంచాం. మోచెయ్యి మీటలకి సమంగా వచ్చింది. పాదాలు నేలకి ఆనాలి, ఆనకపోతే కింద పలక వెయ్యండి. పది నిమిషాలకోసారి ఆపుతూ వాయిస్తే మూడు వారాల్లో నొప్పి పోయింది.

గూల్డ్ కథ వేరు. మడతకుర్చీ కాళ్లు తగ్గించి 1953లో వాళ్ల నాన్న చేసిచ్చాడు. అదీ చాలక గూల్డ్ పియానోని ఇంకా ఎత్తడానికి దాని కింద దిమ్మలు పెట్టించేవాడు. చిన్నప్పుడే గురువు గెరేరో దగ్గర చేతి బరువు వెయ్యకుండా వేళ్లతోనే వాయించే పద్ధతి పట్టుబడింది. కుర్చీ ఒక్కటే కాపీ కొడితే లాభం లేదు. అయినా 1977లో ఆయన చేతులూ మొరాయించాయి.

కొందరు చెప్పిన టచ్ సెట్టింగు (మీట నొక్కే బలానికి శబ్దం ఎంత రావాలో మార్చేది), క్యాల్షియం బిళ్లలు, ఆయింట్‌మెంటు: వీటికీ ఈ నొప్పికీ సంబంధమే లేదు. ఇంకోటి, 1964లో గూల్డ్ కచేరీలు మానేసింది నొప్పి వల్ల అని ఒకరు రాశారు. కాదు, జనం ముందు వాయించడమే ఆయనకి గిట్టేది కాదు.