మిలిటరీవాళ్ల చరిత్ర స్కూలు పిల్లలకి ఎలా చెప్పాలి, ఇళ్లల్లో మిగిలినవి ఎలా కాపాడాలి?

గోదారి_సోషల్‌టీచర్:
అందరికీ నమస్కారం అండి. పశ్చిమ గోదావరిలో హైస్కూల్లో సోషల్ చెప్తాను. మిలిటరీ మాధవరం పేరు వినే ఉంటారు, మావైపు ఆర్మీ కుటుంబాలు చాలా ఎక్కువ. రెండో ప్రపంచ యుద్ధం అనగానే హిట్లర్, చర్చిల్ అంటూ పోతాం గానీ అందులో మన సైన్యం 25 లక్షల మందని, ఈ క్లాసులో కూర్చున్న పిల్లాడి ముత్తాతే బర్మా వెళ్లొచ్చాడని చెప్పట్లేదు. ఇంకో బాధేంటంటే పెద్దాళ్లు పోయాక ట్రంకు పెట్టెలో మెడల్సు, డిశ్చార్జి బుక్కులు పాత సామాన్లవాడికి పోతున్నాయి. ఎక్కణ్ణుంచి మొదలెట్టాలి?

రిటైర్డ్_సుబేదార్:
మాస్టారూ, ముందు మెడల్ అంచు చూడమనండి. నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్ కొట్టి ఉంటాయి, బర్మా యుద్ధానికి మనవాళ్లకిచ్చిన బర్మా స్టార్ అనే మెడల్‌కైతే వెనకవైపు ఉంటుంది. మెరవాలని బ్రాసో పెట్టి తోమనివ్వకండి, ఆ అక్షరాలే అరిగిపోతాయి, అవి పోతే అది ఎవరిదో చెప్పే దిక్కుండదు. నంబరూ రెజిమెంటూ దొరికితే ఇంటివాళ్ల చేత ఆ రెజిమెంట్ సర్వీసు కాగితాలుంచే రికార్డ్ ఆఫీసుకి రాయించొచ్చు, మద్రాస్ రెజిమెంట్‌ది ఊటీ దగ్గర వెల్లింగ్టన్, మా మద్రాస్ శాపర్స్‌ది, అంటే ఆర్మీ ఇంజినీర్లది, బెంగుళూరు. ఎలా రాయాలో జిల్లా సైనిక్ వెల్ఫేర్ ఆఫీసులో అడగండి.

చార్మినార్_హిస్టరీ:
సార్ చెప్పింది బతికొచ్చినవాళ్లకి, తిరిగి రానివాళ్ల పేర్లు వేరే చోట దొరుకుతాయి. రెండు ప్రపంచ యుద్ధాల్లో చనిపోయిన మనవాళ్ల పేర్లు కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ సైట్లో వెతకొచ్చు, సమాధి లేనివాళ్లవి కూడా, బర్మాలో తౌక్యాన్ దగ్గరున్న రంగూన్ మెమోరియల్ మీదే దాదాపు 27 వేల పేర్లున్నాయి. స్వాతంత్ర్యం తర్వాతవాళ్లకైతే ఢిల్లీలో 2019లో తెరిచిన నేషనల్ వార్ మెమోరియల్, అక్కడ 25 వేలకు పైగా పేర్లు చెక్కారు.

తెలంగాణ పిల్లలకి ఇంకోటి చెప్పండి. నిజాం దగ్గరి పాత పటాలాల నుంచి పెరిగిన 19వ హైదరాబాద్ రెజిమెంటే 1945లో కుమావూ రెజిమెంట్ అయింది. మొదటి పరమవీర చక్ర మేజర్ సోమ్‌నాథ్ శర్మ ఆ రెజిమెంటే, 1962 చైనా యుద్ధంలో లడఖ్‌లోని రెజాంగ్ లా కనుమ దగ్గర పోరాడిన మేజర్ షైతాన్ సింగ్ కూడా అదే.

ఇద్దరు_పిల్లల_అమ్మ:
నాది ఒక్క మాట అండి. గెలిచినవే చెప్పకండి. రెజాంగ్ లాలో షైతాన్ సింగ్ కంపెనీలో, అంటే ఆయన దళంలో, సుమారు 120 మంది ఉంటే నూటపదిమందికి పైగా అక్కడే పోయారు, నెలల తరబడి శవాలు మంచులోనే ఉన్నాయి. అంత చలికి, అంత ఎత్తుకి మనం సిద్ధంగా ఎందుకు లేము అని పిల్లాడు అడిగితే జై హింద్ అని కూర్చోబెట్టేస్తే ఎలా? 1962 ఓటమి మీద ఆర్మీ చేయించిన విచారణ, హెండర్సన్ బ్రూక్స్ రిపోర్ట్, ఇప్పటికీ ప్రభుత్వం పూర్తిగా బయటపెట్టలేదు. పోయినవాళ్లని గౌరవించడమంటే ఆ ప్రశ్న అడగనివ్వడం కూడా అని నేను గట్టిగా నమ్ముతాను.

చార్మినార్_హిస్టరీ:
అక్కా నూటికి నూరు పాళ్లు ఒప్పుకుంటా. 2021లో రక్షణ శాఖ ఒక పాలసీ తెచ్చింది, యుద్ధం అయిన ఐదేళ్లలోపు చరిత్ర రాయాలని, రికార్డులు మామూలుగా 25 ఏళ్లకి బయటపెట్టాలని. కానీ యుద్ధంలో యూనిట్ రోజూ రాసే వార్ డైరీలో ఏ రోజు ఏ కొండెక్కారో ఉంటుంది గానీ జవాను ఆ రాత్రి ఏం తిన్నాడో, ఇంటినుంచి ఉత్తరం ఎన్నాళ్లకొచ్చిందో ఉండదు కదా, అది మనిషి నోటినుంచే రావాలి. 1971 యుద్ధంలో ఇరవై ఏళ్లున్న కుర్రాళ్లకి ఇప్పుడు డెబ్బై దాటాయి, మాస్టారు ముందు వాళ్ల దగ్గరికి వెళ్లాలి.

గోదారి_సోషల్‌టీచర్:
చాలా థ్యాంక్స్ అండి అందరికీ. అయితే తొమ్మిదో తరగతి పిల్లలకి ఇదే ప్రాజెక్ట్ ఇస్తాను, ఎవరింట్లో ఉన్న తాత దగ్గర వాళ్లే ఫోన్లో రికార్డు చేసి, ఊరి పేరు, యూనిట్, తేదీ రాసి, మ్యాప్ మీద ఆ చోటు గుర్తు పెట్టాలి. మెడల్సు, బుక్కులు తెస్తే స్కూల్లో ఒక అద్దాల బీరువా పెడదామనుకుంటున్నా.

రిటైర్డ్_సుబేదార్:
బీరువాలో ఫోటోలే పెట్టండి మాస్టారూ, ఒరిజినల్ ఇంట్లోనే ఉండాలి, పెన్షన్ పనికి ఆ బుక్కు ఎప్పుడైనా అడుగుతారు. ప్రతి పేజీ స్కాన్ తీయించండి, లామినేషన్ మాత్రం వద్దు. ఇంకో సంగతి, తాతలు మొదట ఏం మాట్లాడరు, ఎంతమందిని చంపావు అని పిల్లలు అడగకుండా చూడండి, నీ పక్కన ఎవరుండేవాళ్లు అని అడగమనండి, అప్పుడు వాళ్లే చెప్తారు.