అశ్వగంధకు దిబ్బెరువా, డీఏపీనా? విత్తే ముందు చెప్పండి

ప్రశ్న: కళ్యాణదుర్గం రైతు

అందరికీ నమస్కారం. మాది అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం దగ్గర పల్లె. మూడెకరాల ఎర్రనేల, ఇసుక పాలు ఎక్కువ. బోరు లేదు, వానే ఆధారం. ఎన్నో ఏళ్లుగా వేరుశనగే వేస్తున్నాం. పోయిన రెండేళ్లు పెట్టుబడి కూడా రాలేదు. ఈ ఆగస్టులో రెండెకరాల్లో అశ్వగంధ వేద్దామని ఉంది. మా పెద్దవాళ్లు పెన్నేరు అంటారు.

ఎరువుల అంగట్లో అడిగితే ఎకరాకు ఒక మూట డీఏపీ, నెల తర్వాత ఒక మూట యూరియా అన్నారు. మా నాయన మాత్రం చేలో గొర్రెల మంద కట్టిద్దాం, ఆ పెంటే ఎరువవుతుంది, మూట ముట్టొద్దు అంటాడు. పోయినేడు మిగిలిన డీఏపీ మూట ఒకటి ఇంట్లోనే ఉంది. ఇది మందుకు పోయే పంట. మా అమ్మ నిద్ర పట్టక ఇదే పొడి పాలల్లో కలుపుకుని తాగుతోంది. అందుకని దిగుబడి ఒక్కటే చూసుకుని వేయడానికి మనసు ఒప్పడం లేదు. అలాగని ఈ ఏడు కూడా పోతే తట్టుకోలేం. వేసి చూసినవాళ్లు చెప్పండి.

జవాబు: వికారాబాద్ నుంచి

తమ్ముడూ, రసాయన ఎరువు వేస్తే మందు గుణం పోతుందన్న మాట నేను నమ్మను. వేరు తీసుకునేది నైట్రేటు, అమ్మోనియం రూపంలో ఉన్న నత్రజనినే. అది పేడలోంచి వచ్చిందో మూటలోంచి వచ్చిందో మొక్కకు తెలియదు. ముందు మట్టి పరీక్ష చేయించు. భాస్వరం తక్కువని వస్తే దుక్కిలో సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ వేయడం తప్పు కాదు. నేను వేశాను, పంట బాగానే వచ్చింది. యూరియా జోలికి మాత్రం పోవద్దు.

జవాబు: ధర్మవరం అక్క

తమ్ముడూ, నేను తొమ్మిదేళ్లుగా ఎకరంన్నరలో పెన్నేరు వేస్తున్నాను. మొదట్లో నేను చేసిన తప్పులు నువ్వు చేయకూడదని ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

మొదటి ఏడు ఎకరాకు రెండు మూటల యూరియా వేశాను. చెట్టు నడుము దాకా వచ్చింది. దారిన పోయేవాళ్లు ఆగి చూసేవాళ్లు. ఫిబ్రవరిలో పీకితే కింద దారాల్లాంటి పీచు వేర్లు. కొనడానికి వచ్చినాయన ఒక వేరు తీసుకుని విరిచి చూశాడు. మంచి వేరు పుటుక్కున విరగాలి, లోపల తెల్లగా పిండిలా కనబడాలి. నాది వంగింది గానీ విరగలేదు. మొదటి రకం వేరు ఏడు సెంటీమీటర్ల పొడవు, సెంటీమీటరు నుంచి ఒకటిన్నర లావు ఉంటుంది. నా సరుకంతా చివరి రకంలో పోయింది. మనం అమ్మేది వేరు. నత్రజని ఎక్కువైతే బలమంతా ఆకుకు పోతుంది.

రెండో ఏడు ఆ కోపంతో మూటలు మానేసి, కొట్టం వెనక దిబ్బ ఉన్నదున్నట్టు తోలించాను. సగం కూడా మాగలేదు. అది ఇంకా పెద్ద తప్పు. పచ్చి పేడ వెంట వేరుపురుగు వచ్చింది. వేరుశనగలో నువ్వు చూసే ఉంటావు. అక్కడక్కడ మొక్కలు వాడిపోతే పీకి చూశాను, వేరు కొరికేసి ఉంది. కలుపు కూడా దాంతోపాటే వచ్చింది, కూలి ఖర్చు రెండింతలైంది. ఆ రోజు గట్టు మీద కూర్చుని ఏడ్చాను.

అప్పటి నుంచి దిబ్బను సంక్రాంతి తర్వాత మొదలుపెడతాను. తడి ఆరకుండా నీళ్లు చల్లుతూ రెండుసార్లు తిరగేస్తాను. జూలైకి నల్లగా, పొడిపొడిగా అయి మట్టి వాసన వస్తుంది. పిడికిట్లోకి తీసుకుంటే ఇంకా పేడ వాసన వస్తోందంటే అది చేనుకు పోకూడదు. ఎకరాకు నాలుగు టన్నులు, వంద కేజీల వేపపిండి, రెండూ ఆఖరి దుక్కిలోనే. పైపాటుగా ఏమీ వేయను.

లెక్క చూడు. మన దిబ్బెరువులో నత్రజని సుమారు అర శాతం, అంటే నాలుగు టన్నులకు 20 కేజీలు. 45 కేజీల యూరియా మూటలోనూ దాదాపు అంతే. కానీ యూరియా ఇట్టే కరుగుతుంది. ఇసుక నేలలో గట్టి వాన పడితే వేరుకు అందకుండా కిందికి దిగిపోతుంది. దిబ్బెరువు ఈ ఏడు కొంత, వచ్చే ఏడు కొంత ఇస్తుంది. వికారాబాద్ అన్న చెప్పింది నిజమే, మొక్కకు తేడా తెలియదు. నేలకు తెలుస్తుంది. బోరు లేని నీకు తడి నిలవడమే ముఖ్యం. ఒక ఏడు అక్టోబరంతా వాన లేదు. ఎరువు అందని గట్టు పక్క సాళ్లు మధ్యాహ్నానికే తల వాల్చేవి, లోపలి సాళ్లు నిలబడ్డాయి.

మీ నాయన చెప్పిన మంద మంచిదే. ఇప్పుడే కట్టించి, విత్తేలోపు రెండుసార్లు దున్నండి.

ఇక ఆ డీఏపీ మూట. విషం అని నేను అనను. కానీ ముందుముందు సేంద్రియ సర్టిఫికెట్‌తో అమ్మాలని ఉంటే విప్పకు. ఎన్‌పీఓపీ (జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమం) కింద ఏడాది పంటలకు విత్తే ముందు రెండేళ్ల మార్పిడి కాలం గడవాలి. మధ్యలో మూట వేస్తే మళ్లీ మొదటికి. మన దేశంలోనే అమ్ముకునేటట్టయితే పీజీఎస్ ఇండియా చాలు, అంటే రైతులే ఒకరి చేను ఒకరు చూసి ధ్రువీకరించే పద్ధతి, అందుకు కనీసం ఐదుగురు రైతులు గ్రూపు కట్టాలి.

జవాబు: హైదరాబాద్ నుంచి

ఆయుర్వేద మందుల తయారీలో సరుకు పరీక్షించే పని నాది. ఒక్క మాట. టౌన్ చెత్తతో చేసిన కంపోస్టు చవగ్గా వస్తుందని తోలించుకోవద్దు. బ్యాటరీ ముక్కలు, రంగు డబ్బాలు అందులో కలిసి ఉంటే సీసం నేలలో చేరుతుంది. ఆయుర్వేద ఫార్మకోపియా (మందుల ప్రమాణాల పుస్తకం) ప్రకారం సీసం 10 పీపీఎం (పది లక్షల పాళ్లలో 10 పాళ్లు), ఆర్సెనిక్ 3, పాదరసం 1, కాడ్మియం 0.3 దాటకూడదు. భాస్వరం ఎరువుల్లోనూ రాతి ఫాస్ఫేటు నుంచి వచ్చే కాడ్మియం కొంత ఉంటుంది. ఎక్కడి నుంచి వచ్చినా పరిమితి దాటితే ఆ సరుకు తిరిగి వెళ్లిపోతుంది.

కళ్యాణదుర్గం రైతు

అక్కా, మీరు రాసింది మా నాయనకు చదివి వినిపించాను. మా దిబ్బంతా కలిపినా మాగింది నాలుగు టన్నులకు మించి రాదు. రెండెకరాలకూ సగం సగం వేయనా?

ధర్మవరం అక్క

వద్దు తమ్ముడూ. మాగిన ఎరువంతా ఒక ఎకరాకు వేసి పెన్నేరు పెట్టు. మంద రెండో ఎకరంలో కట్టించి, ఈ ఏడు అక్కడ కంది వేయి. విత్తనం మాత్రం కొత్తదే తెచ్చుకో, పాతది సరిగా మొలవదు. పోషిత రకం సీమ్యాప్ (కేంద్ర ఔషధ, సుగంధ మొక్కల సంస్థ) వాళ్లది, హైదరాబాద్ బోడుప్పల్‌లోని వాళ్ల కేంద్రంలో అడుగు. చల్లేటట్టయితే ఎకరాకు ఐదు కేజీలు. ఇసుకలో కలిపి చల్లు, లేకుంటే ఒకేచోట పడుతుంది. నెలలోపు ఒత్తు తీసెయ్, అప్పుడే వేరు లావెక్కుతుంది.

కళ్యాణదుర్గం రైతు

సరే అక్కా. డీఏపీ మూట మా మామకు ఇచ్చేశాను, ఆయన మొక్కజొన్నకు వాడతాడు. రేపు పొద్దున్నే మట్టి తీసుకుని రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రానికి పోతున్నాను.